కాగితం ఎందుకు ఎర్రబడింది

బాపట్ల,
14-7-1969.

వసుంధరకు సరోజిని నమస్కారాలు. రేపల్లెలో నువ్వూ మీ అమ్మగారూ ఆరోగ్యంగా ఉండాలని కోరుకుంటూ మొదలుపెడుతున్నాను. నా చేతిరాత చూడగానే చించబోతావని తెలుసు. ఆ చించేదేదో చివరిదాకా చదివి చించు.

నువ్వు బళ్ళో పిల్లలకి లెక్కలు చెబుతున్నావని మనతో చదివిన కుమారి చెప్పింది. దొంగలెక్కలు రాసిందన్న పేరుతో పరిశోధన మానేసిన మనిషికి ఆ ఉద్యోగమేంటని నవ్వబోయాను. ఆ పేరు పెట్టింది నేనేనని గుర్తొచ్చి ఊరుకున్నాను.

రెండేళ్ళ కిందటి మే నెల నువ్వూ మర్చిపోయి ఉండవు. కప్ప కాలి కండని ఉప్పునీళ్ళలో పెట్టి, ప్రాణవాయువు తగలకుండా నత్రజని పంపి, ఊరికే పడి ఉన్నప్పుడు అందులో ఎంత లాక్టిక్ ఆమ్లం తయారవుతుందో కొలిచేవాళ్ళం. పనీపాటా లేని కండ కూడా లోపల దాచుకున్న పిండిని ఖర్చుపెడుతూనే ఉంటుందని నువ్వెంత ముచ్చటపడేదానివో. ఐసులో పెడితే తక్కువ, వేడికి ఎక్కువ. ఆ బుధవారం మాత్రం ముప్పై డిగ్రీల దగ్గర నీకు రావలసిన దాంట్లో సగమే వచ్చింది. ఇంట్లో కూర్చుని రాసుకొచ్చిందని మన పరిశోధన చూసే జగన్నాథరావు సార్‌తో నేనే చెప్పాను. నువ్వు నా మొహం కూడా చూడకుండా రైలెక్కావు.

పోయిన నెల ల్యాబులో బీరువా సర్దుతుంటే నీ నోటుబుక్కు దొరికింది. ఆ బుధవారం పేజీ అంచున, కండ వెయ్యకముందే లిట్మస్ కాగితం ఎర్రబడింది, ఎందుకో కనుక్కోవాలి అని రాసుకున్నావు. దొంగలెక్కలు రాసేవాళ్ళు పక్కన సందేహం రాసుకోరు కదే.

మర్నాడు కావాలనే ఉప్పునీళ్ళలో కాస్త ఆమ్లం కలిపి, అదే వేడిలో పెట్టాను. సగమే వచ్చింది. పులుపు తగ్గిస్తే మళ్ళీ పెరిగింది. పదకొండుసార్లు చేశాను. వేడి తోస్తుంటే పులుపు పట్టుకుని ఆపుతోందన్నమాట. మరి ఐసులో ఉన్నప్పుడు కూడా ఇంతే ఆపుతుందా? చూడాలని చేతులు దురద పెడుతున్నాయి. కానీ మొదట అడిగింది నువ్వు గనక నీకే వదిలేశాను.

రెండు నోటుబుక్కులూ సార్‌కి చూపించాను. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూశారు. తర్వాత, ఆ అమ్మాయి మళ్ళీ వస్తుందా అని అడిగారు. ఆ రోజు నీ నీళ్ళకి పులుపెలా వచ్చిందో మాత్రం ఆయనకి అంతుపట్టలేదు. ఈ ఆదివారం పొద్దున రేపల్లె బండి వచ్చే వేళకి తెనాలి స్టేషన్లో నిలబడి ఉంటాను. తిట్టడానికైనా రా.

నువ్వు ఒప్పుకుంటే, నీ స్నేహితురాలు,
సరోజిని.

తా.క.: కవరు అంటించి మళ్ళీ విప్పాను. పులుపెక్కడిదో నాకు తెలుసు. నిన్న తెనాలిలో మా ఇంట్లో చింతపండుతో ఇత్తడి బిందె తోముతుంటే గుర్తొచ్చింది. నీ బుధవారానికి ముందు సాయంత్రం, పైఊరి నుంచి పెద్ద సార్ చూడ్డానికి వస్తున్నారని, ల్యాబులో ఇత్తడి సామానంతా నేనే చింతపండు నానేసి తోమాను. నీ గాజుగిన్నెలు కూడా ఆ తొట్టిలోనే ముంచి, ఒక్కసారి కడిగి బోర్లించాను. నీకు సాయం చేశాననే అనుకున్నాను. ఈ సంగతి సార్‌కి ఇంకా చెప్పలేదు. నువ్వొస్తే నీ ఎదుటే చెబుతాను. రాకపోతే సోమవారం ఒక్కదాన్నే వెళ్ళి చెబుతాను.