అనసూర్యను తీసుకుపోవద్దు

వరంగల్లు, 14-9-1979

తమ్ముడు కట్టయ్యకు అక్క ఆశీస్సులు. భద్రకాళి దయవల్ల ఇక్కడ క్షేమం.

కాలేజీ నుంచి వచ్చిన కార్డు చూసి, నీ బిడ్డ అనసూర్య క్లాసులు ఎగ్గొట్టి తిరుగుతోందని, వచ్చే వారం వచ్చి చదువు మాన్పించి తీసుకుపోతానని రాశావు. అందుకే కలం పట్టాను. పిల్ల ఎక్కడికీ తిరగలేదు. బడిలో లాగే సారు తన గదికే వస్తాడని కూర్చుంది. కాలేజీలో ఒక్కో పాఠానికి ఒక్కో గదికి పోవాలని మన ఇంట్లో ఎవరికి తెలుసు? మిగతా పిల్లలు లేచిపోతుంటే, "వాళ్లే ఎగ్గొడ్తాండ్లు అనుకున్న అత్తమ్మా" అంటోంది.

అక్కడ మంచి మార్కులు వచ్చిన పిల్లలకు ఒక సంఘం ఉంది. ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చిన వాళ్లకు వాళ్లు తోడుంటారు. అందులో సుగుణ అని మగ్గం నేసే వారి అమ్మాయి. ఖాళీ గదిలో మన పిల్లను చూసి, "ఫికర్ చెయ్యకు చెల్లె, మొదట్ల నేను సుత గిట్లనే కూసున్న" అని ప్రిన్సిపాలు దగ్గరికి తీసుకుపోయింది. దసరా సెలవుల దాకా ఒక్క క్లాసూ తప్పకుంటే పరీక్ష రాయనిస్తామన్నారు. పోయిన పాఠాలు సాయంత్రాలు సుగుణే చెబుతోంది.

కనుక చూడాలనిపిస్తే వచ్చి చూసి పో, వెంట తీసుకుపోకు. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా? ములుగు బస్సుకు ఎవరైనా వస్తే ఎండుమిరపకాయలు పంపు.

మరదలికి, పిల్లలకు దీవెనలు. ఈ ఉత్తరం దాచిపెట్టు, ఎవరికీ చూపకు. బతుకమ్మకు ఊరికి వచ్చినప్పుడు, ఖాళీ గదిలో కూర్చుందని తోటి ఆడపిల్లలు అనసూర్యను ఆటపట్టిస్తారు.

మీ అక్క
యాకమ్మ