అసలు నీలమైతే పగలదట

శనివారం రాత్రి, నాచారం

పెట్టుకున్నప్పటి నుంచి ఏదీ కలిసిరావడం లేదని, మా ఆయన ఇవాళ నన్ను వెంటబెట్టుకుని నీలం ఉంగరాన్ని ఉప్పల్‌లో కొన్న కొట్టుకే తీసుకెళ్లాడు. అసలు నీలమైతే పగలదని ఎవరో చెప్పారట. కొట్టు యజమాని యాదగిరి కళ్లముందే మా ఆయన రాయిని సుత్తితో కొట్టాడు. రాయి ముక్కలైంది.

"గాజుపెంక అంటగడ్తవారా," అంటూ అదే సుత్తితో యాదగిరి మూతి పగలగొట్టాడు. పళ్లు కౌంటర్ మీద పడ్డాయి. జనం చూడకుండా షట్టర్ దించింది నేనే.

"నీలమంటే గీత పడని రాయి, పగలని రాయి గాదన్నా. గీసి సూడున్రి," అన్నాడు యాదగిరి, నోటినిండా రక్తంతో. మా ఆయన కడుపులో తన్నాడు. నాకూ తన్నాలనిపించింది.

ఇంటికొచ్చాక నా చీర కుచ్చిళ్లలోంచి ఒక ముక్క రాలింది. వంటగట్టు గ్రానైట్ మీద గీశాను. గాజైతే నలిగిపోవాలి. ముక్క అలాగే ఉంది, గ్రానైట్ మీద లోతుగా తెల్లటి గీత పడింది.

తడిగుడ్డతో రుద్దుతుంటే ఆయన లోపలి నుంచి అడిగాడు.

"ఇంకా ఏం తుడుస్తున్నవే?"

"ఏం లేదు, మరక," అన్నాను.

ఎంత రుద్దినా పోవడం లేదు.