గడప దగ్గర ఎత్తు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఎత్తు చూపించే నీ వాచీ గూట్లోనే ఉంది. రోజూ పొద్దున గడప దగ్గర నిలబడి, జహీరాబాద్‌లో మనింటి ఎత్తు సముద్రమట్టం నుంచి ఆరువందల ఇరవై మీటర్లని దాన్ని సరిచేసేవాడివి.

ఈ పొద్దున అది ఆరువందల యాభై చూపించింది. "ఇల్లు పైకి లేసిందా ఏందిరా?" అంది అమ్మ. గాలి ఒత్తిడి తగ్గితే వాచీ తాను కొండెక్కాననుకుంటుందని, అంటే వాన వస్తుందని, నువ్వు చెప్పిందే చెప్పాను.

"గట్లయితే జర జల్ది పోయి కల్లంల జొన్నల మీద పట్టా కప్పు."

కప్పొచ్చాను. మధ్యాహ్నానికి వాన దంచికొట్టింది. గింజ తడవలేదు.

సాయంత్రం అంకె సరిచేద్దామని మీట మీద వేలు పెట్టి, తీసేశాను. దాన్ని ఆఖరిసారి సరిచేసింది నువ్వే.