మీటర్లు బిగించిన చోటు

ఏమయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. వంట, పడక అన్నీ ఉన్న మన సువార్త వ్యానుకు మీటర్లు వచ్చాయి. నీళ్ల వేడి చూపేది ఒకటి, ఆయిలు ఒత్తిడి చూపేది ఇంకొకటి. నువ్వు బతిమాలినప్పుడు "ప్రార్థన చేసి గదా బండి తీస్తుండేది, ఇంక మీటరెందుకు?" అన్న పాస్టరుగారే మద్రాసు వెళ్లి ఏరి తెచ్చారు. అల్లూరు దారి ఇసుకలో ఇంజను కాగిపోయి, నువ్వు రేడియేటరు మూత తిప్పినప్పుడు మరిగే నీళ్లు చిమ్మి నిన్ను చంపితే గాని ఆయనకు వాటి అవసరం తెలిసిరాలేదు.

ఎక్కడ బిగించారో తెలుసా? బండి వెనక గదిలో, ఆయన మంచం పక్కన.

"డ్రైవరు కళ్లు రోడ్డు మీద ఉండాలమ్మా. మీటర్లు నేను చూస్తాలే."

వాటి కింద ఇత్తడి రేకు మీద నీ పేరు చెక్కించారు. సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను.

ఈ రోజు అదే దారిన నేనూ వ్యానులో వెళ్లాను. ఊరు దాటకముందే ఆయన గురక పెట్టారు. ఇసుక రాగానే కొత్త డ్రైవరు బండి ఆపి దిగి, అచ్చం నీలాగే బానెట్టు మీద అరచెయ్యి ఆనించి వేడి చూశాడు.

నువ్వు నేర్పిన మీటరు అదొక్కటే గదయ్యా, మన పెద్దోడికి.