కత్తెర గాయం

మార్చి 3
మా దొర ఈ రోజు నన్ను కరిచాడు. నాలుగేళ్ళుగా పక్కలో పడుకోబెట్టుకుని పెంచిన కుక్క. మొరగలేదు, గుర్రుమనలేదు. నేల మీద కూర్చుని కస్టమర్ ప్యాంటు అంచు కుడుతుంటే వచ్చి ఎడమ ముంజేతిని పట్టేశాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు తోకాడించాడు.

చాటుగా వెళ్ళి ఇంజెక్షన్ వేయించుకున్నాను. మావారికి మాత్రం కత్తెర కోసుకుందని చెప్పాను. నిజం తెలిస్తే వాణ్ణి ఇంట్లో ఉండనివ్వరు. ఇన్నేళ్ళు కుట్టి ఇప్పుడు చెయ్యి కోసుకోవడమేంటని నవ్వారు.

మార్చి 9
వాడు నా వెనకాల నడిస్తే ఆగి, వాణ్ణే ముందు వెళ్ళనిస్తున్నాను.

మార్చి 14
మావారి అక్క, మా వదిన, ఫోన్ చేసింది. వాళ్ళ ఆడకుక్కకి మా దొరతో జత కట్టించి క్రాసింగ్ చేయిద్దామట. వాళ్ళ ఆరేళ్ళ కూతురు పుట్టబోయే కుక్కపిల్లకి అప్పుడే పేరు పెట్టేసిందట, తన మంచం మీదే పడుకోబెట్టుకుంటుందట. మావారు ఎగిరి గంతేశారు.

మార్చి 17, ఉదయం 11
క్రాసింగ్‌కి ముందు దొరని చూపించడానికి తీసుకెళితే కుక్కల డాక్టర్ అడిగాడు, ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా అని. ఈగని కూడా కరవడు సార్ అన్నారు మావారు. ఆ బుద్ధి పిల్లలకీ రావచ్చమ్మా, అందుకే అడుగుతున్నా అని డాక్టర్ నా వైపు చూశాడు. నేను స్లీవ్ కిందికి లాక్కున్నాను. ఫిట్ అని రాసి సంతకం పెట్టాడు.

మార్చి 18
క్రాసింగ్ ఆదివారమట. వదిన కూతురితో వచ్చింది. ఎండలు మండిపోతున్నా వదిన ఇంట్లో కూడా సాక్స్ విప్పదు, సోకులకేం తక్కువ లేదు. కూతురేమో దొర మెడ పట్టుకుని వేలాడింది. నేను మిషన్ ఆపేసి వాడి నోటి వంకే చూస్తూ కూర్చున్నాను.

మార్చి 20
రేపు వదినకి చెప్పేయాలి.

మావారు దొరని షికారుకి తీసుకెళ్ళి ఆలస్యంగా వచ్చారు. ఇద్దరూ మంచి హుషారుగా ఉన్నారు.

మార్చి 21
స్లీవ్ పైకి లాగి, కత్తెర కాదు వదినా, దొర అన్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె తలుపు గడియ పెట్టి వచ్చి ఎడమ కాలి సాక్ విప్పింది. నాలుగు పంటి గాట్లు. వాళ్ళ ఆడకుక్కవి. మీ వాడు నెమ్మదస్తుడు కదా, పిల్లలకి వాడి పోలిక వస్తుందనుకున్నానే అంది.

అయితే ఆదివారం వద్దన్నాను. తమ్ముడు నిన్ననే తీసుకొచ్చాడు, అయిపోయింది అంది.

ఎవరికీ చెప్పకూడదనుకున్నాం.

నవంబరు 30
దొరకి పుట్టిన ఆరు నెలల కుక్కపిల్లని వెంటేసుకుని వచ్చిన వదిన కూతురి చేతికి కట్టు ఉంది. ఏమైందమ్మా అన్నాను. కత్తెర కోసుకుందత్తా అంది.