నీ జేబులో ఉండిపోయిన ఫ్యూజు

బాపూ,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ కొత్త బ్యాటరీ వేయించి నీ కారు స్టార్ట్ చేస్తే ఇంజను హెచ్చరిక లైటు ఆరలేదు. మెకానిక్ సమ్మన్నను ఇంటికి పిలిచాను. సైలెన్సర్ గొట్టానికుండే ఆక్సిజన్ సెన్సరు వైరుకు మీటరు పెట్టి చూశాడు.

"సెన్సరు మంచిగనే ఉన్నది చెల్లె. దాన్ని వేడిచేసే వైరుకే కరెంటు వస్తలేదు. ఫ్యూజు ఎవలో తీసిన్రు."

ఎవరో నాకు తెలుసు. బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా నీకు అదే అలవాటు. వైరు ముట్టే ముందు ఫ్యూజు తీసి జేబులో వేసుకునేవాడివి. "ఇది నా జేబుల ఉన్నదంటే నా చెయ్యి వైరు మీద ఉన్నట్టే. ఎవ్వలు కరెంటు ఇయ్యద్దు" అనేవాడివి. నువ్వు పోయిన రోజు ఈ కారు కిందే, వైరుకు టేపు చుడుతూ ఛాతీ పట్టుకున్నావు.

నువ్వు సగంలో వదిలిన వైరుకు సమ్మన్న టేపు చుట్టి కొత్త ఫ్యూజు పెట్టబోతుంటే ఆగమని అరిచాను. దవాఖానలో విప్పి ఇచ్చిన నీ చొక్కాను ఇన్నాళ్లూ ముట్టలేదు. జేబులో చెయ్యి పెట్టాను. ఉంది.

"పెట్టు చెల్లె, ఏం గాదు" అంటున్నాడు సమ్మన్న. ఫ్యూజు నా గుప్పిట్లో తడిసిపోయింది. నాకు భయమైతుంది బాపూ.

చెయ్యి తీసినవా?