ట్యాంకు మీద ఇడ్లీ పిండి

సార్నియా,
ఆదివారం.

అక్కకు, బావకు నమస్కారం.

నేనిక్కడ బాగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, జ్వరం అదీ ఏమీ లేదు. బావ మోకాలి నొప్పి తగ్గిందా? అత్తమ్మ మందులు వేసుకుంటోందా, దిండు కింద దాస్తోందా? ఇవన్నీ ఫోన్లో అడగొచ్చు. కానీ ఫోన్ ఎత్తగానే నువ్వు స్పీకర్ పెట్టి పొయ్యి పక్కన నిలబెడతావు. టిఫిన్‌కు వచ్చిన వాళ్ళంతా వింటారు. ఈ సంగతి వాళ్ళు వినకపోతేనే మన హోటల్‌కు మంచిది. అందుకని రాస్తున్నాను.

ఇక్కడ మంచు మొదలైంది. చలి గురించి రాయడానికేమీ లేదు, చలే. ఊరి చుట్టూ ఫ్యాక్టరీల గొట్టాలు, మధ్యలో మేము. బస్సులు తక్కువ. మా ఇంట్లో అయిదుగురం ఉంటే కారున్నవాడు జాన్‌బాబు ఒక్కడే. నర్సాపురం వైపు అతను. వయసులో నాకంటే పెద్ద, అయినా అందరినీ అండీ అనే పిలుస్తాడు. పెట్రోలుకు ఇస్తానంటే తీసుకోలేదు. శనివారం పొద్దున ఇడ్లీ పెడితే వారమంతా కాలేజీ దగ్గర దింపుతానన్నాడు. ఇడ్లీ హోటల్ వాళ్ళ తమ్ముణ్ణని నేనే గొప్పగా చెప్పుకొని ఉన్నాను, కాదనలేకపోయాను.

చిక్కేమిటంటే ఈ చలికి పిండి పులవదు. ఇంటి ఓనరు హీటరు పెంచనివ్వడు. మొదటి శనివారం వేసినవి పిడకల్లా వచ్చాయి. జాన్‌బాబు ఒకటి నమిలి, "మీ అక్కగారి హోటల్ ఇంకా నడుస్తోందా అండి?" అని అడిగాడు. నడుస్తోందన్నాను.

ఇప్పుడు నా పని గురించి చెప్పాలి. ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది కదా. లోపలి వేడిని లాగి వెనక్కి పోస్తుంది. మా ల్యాబ్‌లో ఉన్నది కూడా అదే, కాకపోతే గదంత ఉంటుంది. ఫ్యాక్టరీలు వాడి పారబోసే గోరువెచ్చని నీళ్ళలోంచి వేడి లాగి, దాన్ని ఇంకా పెంచి, ఆవిరి పుట్టిస్తుంది. గ్యాస్ కాల్చే పని ఉండదు, పొగ ఉండదు, కరెంటుతో నడుస్తుంది. హీట్ పంప్ అంటారు. దీన్ని ఒక్కరు చేయలేదు. దేశంలో నాలుగైదు కాలేజీలు కలిసి చేస్తున్నాయి. కంప్రెసర్ క్యుబెక్ వాళ్ళది, లెక్కలు ఆల్బర్టా వాళ్ళవి, నడిపించి చూడడం మా వంతు. వారానికోసారి అందరూ కంప్యూటర్ తెర మీద కూర్చుంటారు. మా ప్రొఫెసర్ హెలెన్ మేడమ్. పేరుపెట్టి పిలవమంటుంది, నాకు నోరు రాదు. ఈ మెషిన్ చలికాలమంతా మొరాయించకుండా నడిస్తే, దగ్గర్లో ఉన్న పెరుగు ఫ్యాక్టరీ తన గ్యాస్ బాయిలర్ ఒకటి తీసేసి దీన్ని పెట్టుకుంటానంది. అప్పుడు నా పార్ట్‌టైమ్ ఉద్యోగం కూడా ఇంకో ఏడాది ఉంటుంది. లేకపోతే చలికాలంతో సరి.

ఆ గోరువెచ్చని నీళ్ళ ట్యాంకు మూత మీద చెయ్యి పెట్టినప్పుడల్లా నాకు నువ్వే గుర్తొచ్చేదానివి. పొయ్యి ఆర్పాక ఆ వెచ్చదనం మీద పిండి గిన్నె పెడతావు కదా, సరిగ్గా అంతే వేడి. గురువారం సాయంత్రం స్టీలు గిన్నెలో పిండి కలిపి తీసుకెళ్ళి, ట్యాంకు వెనకవైపు గోడ పక్కగా పెట్టి వచ్చాను. శుక్రవారం పొద్దున చూస్తే పొంగి ఉంది. శనివారం జాన్‌బాబు పది తిన్నాడు. కారులో హీటరు కూడా వేశాడు. ల్యాబ్‌లో ఏమీ తినకూడదని బోర్డు ఉన్న మాట నిజమే. పిండిని ఎవరు తింటారు, వండితే కదా తిండి, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కొన్ని వారాలకు మీటింగ్‌లో గొడవ మొదలైంది. ప్రతి శుక్రవారం తెల్లవారేసరికి వేడి చూపించే గీత కిందికి వంగుతోంది, మధ్యాహ్నానికి మళ్ళీ లేస్తోంది. ఆల్బర్టా ఆయన కంప్రెసర్ తప్పన్నాడు. క్యుబెక్ ఆయన లెక్కల తప్పన్నాడు. ఇంకెవరో ఊరి పక్క నది మీది గాలి అన్నారు. నేను కూడా కరెంటు హెచ్చుతగ్గులేమో అన్నాను. మేడమ్ మెచ్చుకొని, కారణం కనిపెట్టే పని నాకే అప్పజెప్పింది.

ఆ గురువారం మేడమ్ కూడా ఉంటానంది కాబట్టి పిండి తీసుకెళ్ళలేదు. గీత వంగలేదు. ఏం చేశావని అందరూ అడిగారు. ఏమీ చేయలేదన్నాను, నిజమే కదా. శనివారం ఉప్మా పెట్టినందుకు జాన్‌బాబు కారులో మాట్లాడలేదు. తర్వాతి గురువారం పిండి పెట్టాను. గీత వంగింది. అప్పటికి నా బుర్రకు ఎక్కింది. ట్యాంకు వెనక్కి దూరి చూస్తే, పొంగిన పిండి కారి, కింద పైపుకు కట్టిన వేడి కొలిచే సెన్సర్ మీద పొరలు పొరలుగా పేరుకుంది. పైపొర ఇంకా తడిగానే ఉంది. ఆ తడి ఆరేదాకా అది తక్కువ చూపిస్తోంది. గోకి వాసన చూశాను. మన హోటల్ వాసన.

జాన్‌బాబుకు చెప్పాను. "తుడిచేసి ఊరుకోండి బ్రదర్. దేవుడు క్షమిస్తాడు, ప్రొఫెసర్ క్షమించదు," అన్నాడు. తుడిచాను కూడా. కానీ ఈలోపు వాళ్ళు కంప్రెసర్ విప్పి క్యుబెక్ పంపాలని తేల్చేశారు. అది పోతే ఈ చలికాలం పోయినట్టే. ఫ్యాక్టరీ అంతదాకా ఆగదు. నేను నోరు విప్పితే నా ఉద్యోగం, విప్పకపోతే అందరి పని.

మీటింగ్‌లో చెప్పాను. ఇడ్లీ పిండి అంటే వాళ్ళకు తెలియదు. మినప్పప్పు, రవ్వ, నానబెట్టడం, రుబ్బడం, అన్నీ చెప్పాల్సి వచ్చింది. చెప్పేకొద్దీ తప్పు పెద్దదవుతున్నట్టు అనిపించింది. తెర మీద ఎవరూ కదల్లేదు. నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాను. అప్పుడు పెరుగు ఫ్యాక్టరీ ఇంజనీరు, అంతవరకు ఏ మీటింగ్‌లోనూ నోరు మెదపని ముసలాయన, అడిగాడు.

"పిండి పెట్టిన ప్రతిసారీ పులిసిందా?"

పులిసిందన్నాను.

"ఒక్కసారీ చెడలేదా?"

లేదన్నాను.

"అయితే ట్యాంకు వేడి రాత్రంతా కదల్లేదు. పులియబెట్టేవాడికి ఆ మాట చాలు. కంప్రెసర్ విప్పకండి."

తర్వాతి శుక్రవారం గీత తిన్నగా ఉంది. చలికాలం గడిచేదాకా చూడకుండానే ఫ్యాక్టరీ ఒప్పుకుంది. మేడమ్ మాత్రం నన్ను విడిగా కూర్చోబెట్టి చాలాసేపు తిట్టింది. ఇక్కడి తిట్లు మెల్లగా, చిరునవ్వుతో ఉంటాయి, అందుకని అయిపోయిందో లేదో తెలియదు. చివరికి ఉద్యోగం ఉంటుందంది. ట్యాంకు మీద బోర్డు పెట్టమంది, అదీ తెలుగులో. ఈ పని చేయగలవాడివి ఈ కాలేజీలో నువ్వొక్కడివే కాబట్టి నీ భాషలోనే ఉండాలి అంది. "ఈ ట్యాంకు మీద పిండి పెట్టరాదు" అని పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.

కాబట్టి నేను బాగానే ఉన్నాను. చలికి పిండి పులవడానికి వేరే ఉపాయం ఉంటే రాయి. అత్తమ్మను అడుగు, ఆవిడకు తెలిసి ఉంటుంది. జాన్‌బాబు రెండు వారాలుగా ఉప్మా తింటున్నాడు. కారులో హీటరు తీసేశాడు. ఎవరైనా వస్తుంటే ఇడ్లీ గుడ్డలు రెండు పంపు. అత్తమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. బావను బరువులు ఎత్తొద్దను. మీ దీవెనలు ఉంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

ఇంకొకటి మరిచాను. మొన్న ల్యాబ్‌కు ఖమ్మం అమ్మాయి కొత్తగా చేరింది. మెషిన్ అంతా తిప్పి చూపించాను. అన్నీ విని, బోర్డు ముందు ఆగి, చదివి, మూత మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఎందుకన్నా పెట్టొద్దంటున్నారు? ఇంత వెచ్చగా ఉంది, పులవదా?" అంది.

ఇట్లు,
నీ తమ్ముడు
రాజయ్య